బరువైన ఉత్తరాలు

డెడ్ లెటర్ క్యూ అనే మాట ఉద్యోగంలో చేరిన మొదటి నెల్లోనే విన్నాను. ట్రైనింగ్ ఇచ్చినాయన బోర్డు మీద ఒక డబ్బా గీసి, "చేరాల్సిన చోటికి చేరలేని మెసేజ్‌లు ఇందులో పడతాయి" అని చెప్పి పక్క డబ్బాకి వెళ్ళిపోయాడు. నాకు బార్టిల్‌బీ గుర్తొచ్చాడు. మెల్విల్ 1853లో రాసిన కథ అది. ఆ గుమాస్తా గురించి కథకుడు చివర్లో ఒక పుకారు చెప్తాడు. అంతకుముందు వాషింగ్టన్‌లో డెడ్ లెటర్ ఆఫీసులో పనిచేసేవాడట, అందుకే అలా అయిపోయాడేమో అని. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ క్లాసు పుస్తకం కింద కథల పుస్తకం పెట్టుకుని చదివినవాణ్ణి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంత మంచి పేరు ఒకటుందని సంబరపడి, నోట్‌బుక్‌లో ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ సంబరం మూడేళ్ళు నిలిచింది.

మెసేజ్ క్యూ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. పెద్ద కంపెనీల్లో వందల ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. ఒకటి మాట్లాడే సమయానికి రెండోది మేలుకుని ఉంటుందన్న నమ్మకం లేదు. ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు కాబట్టి ఉత్తరం రాసి డబ్బాలో వేస్తాం. అవతలివాళ్ళు తీరిక దొరికినప్పుడు తీసుకుంటారు. మధ్యలో ఉండే ఆ పోస్టాఫీసే క్యూ. మేం వాడింది ఐబీఎమ్ ఎంక్యూ. 1993లో ఎంక్యూ సిరీస్ అన్న పేరుతో వచ్చింది, తర్వాత పేర్లు మార్చుకుంది, ఇప్పటికీ బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో నడుస్తోంది. దాని పరువంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: ఒకసారి నా చేతికిచ్చింది పోదు. పర్సిస్టెంట్ అని గుర్తు పెట్టి ఇచ్చిన మెసేజ్‌ని అది ముందు తన లాగ్‌లో రాసుకుంటుంది. మిషన్ ఆగిపోయి మళ్ళీ లేచినా ఆ ఉత్తరం అక్కడే ఉంటుంది.

2017లో నేను పనిచేసిన ప్రాజెక్టు ఒక ఆరోగ్య బీమా కంపెనీది. పేరు అనవసరం. పేషెంటు తాలూకు వాళ్ళు వెబ్‌సైట్‌లో క్లెయిమ్ ఫారం నింపి, ఆస్పత్రి కాగితాలు స్కాన్ చేసి జతచేస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు. వాటన్నిటినీ ఒక్క పీడీఎఫ్‌గా కలిపి, క్లెయిమ్ వివరాలతో పాటు ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పెట్టి క్యూలో వెయ్యడం మా ప్రోగ్రాము పని. ఇంకో ఊళ్ళో ఉన్న క్లెయిమ్స్ సిస్టమ్ దాన్ని తీసుకుంటుంది. క్యూలో పడగానే కస్టమర్‌కి "మీ క్లెయిమ్ అందింది" అని ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఆ ఎస్సెమ్మెస్ పంపే నాలుగు లైన్లు రాసింది నేనే.

ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే అక్షరాలు. పీడీఎఫ్ అంటే అక్షరాలు కాని బైట్లు. అక్షరాలు మాత్రమే పట్టే కవరులో ఫోటో పంపాలంటే ఫోటోని కూడా అక్షరాలుగా మార్చాలి. ఇది ఈమెయిల్ కాలం నాటి చిక్కే. 1992 మార్చి 11న నథానియల్ బోరెన్‌స్టైన్ అనే ఆయన మైమ్ పద్ధతిలో మొట్టమొదటి అటాచ్‌మెంట్ పంపాడు. తనూ తన స్నేహితులూ కలిసి పాడే బృందం ఫోటో, వాళ్ళ పాట. ఎంత సరదా అయిన మొదలో చూడండి. ఆ మైమ్‌తోనే బేస్64 అనే పద్ధతి అందరికీ అలవాటైంది. ప్రతి మూడు బైట్లనీ నాలుగు అక్షరాలుగా రాస్తుంది. అంటే ఏ ఫైలైనా మూడోవంతు ఉబ్బుతుంది. మూడు ఎంబీల పీడీఎఫ్ కవరులోకి వెళ్ళేసరికి నాలుగు ఎంబీలవుతుంది.

నాలుగు అన్న అంకె దగ్గరే నా కథ ఉంది. ఎంక్యూలో ఒక్కో మెసేజ్ ఎంత బరువుండొచ్చో చెప్పే హద్దులు చాలాచోట్ల ఉంటాయి. క్యూ మేనేజర్‌కి ఒకటి, ఒక్కో క్యూకి ఒకటి, రెండు ఊళ్ళ మధ్య ఉత్తరాల సంచీ మోసే ఛానల్‌కి ఒకటి. మనం ఏమీ చెప్పకపోతే అన్నిటికీ ఒకటే లెక్క: 41,94,304 బైట్లు, అంటే నాలుగు ఎంబీలు. కావాలంటే వంద ఎంబీల దాకా పెంచుకోవచ్చు. హద్దు తక్కువగా పెట్టడం పిసినారితనం కాదు. ఆర్టీసీ కౌంటర్ దగ్గర మీ ముందున్నాయన యాభై మంది పెళ్ళివాళ్ళకి టికెట్లు తీసుకుంటుంటే ఎట్లా ఉంటుందో క్యూలో పెద్ద ఫైలు పడితే అట్లా ఉంటుంది. పైగా పర్సిస్టెంట్ మెసేజ్ అయితే దారిలో ఎదురైన ప్రతి క్యూ మేనేజరూ దాన్నంతా డిస్క్ మీద రాసుకోవాలి. అందుకే కొత్తగా వచ్చిన వాటికి కూడా హద్దులున్నాయి. కాఫ్కాలో మనం మార్చకపోతే ఒక్క మెసేజ్‌కి సుమారు ఒక ఎంబీ. అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో చాలా ఏళ్ళపాటు 256 కేబీలే.

పీడీఎఫ్‌లు పెద్దవి రావచ్చని మాకు తెలుసు. ప్రాజెక్టు మొదట్లోనే ఎవరో ముందుచూపున్న మనిషి క్యూ మేనేజర్ హద్దు వందకి పెంచాడు. క్యూలన్నిటికీ పెంచాడు, డెడ్ లెటర్ క్యూతో సహా. ఛానల్ సంగతి మాత్రం మర్చిపోయాడు. ఆ మనిషిని నేనే.

ఏం జరిగిందంటే, పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు మా ప్రోగ్రాము క్యూలో వేసేది. క్యూ తీసుకునేది. సక్సెస్ అనేది. ఎస్సెమ్మెస్ వెళ్ళిపోయేది. తర్వాత ఛానల్ ఆ ఉత్తరాన్ని ఎత్తబోయి, ఇది నా సంచీలో పట్టదని పక్కన పెట్టేది. అలా పక్కన పెట్టడానికి డెడ్ లెటర్ క్యూ సిద్ధంగా ఉంది కదా. అందులోకి నెట్టి, చిన్న ఉత్తరాలతో తన దారిన తాను పోయేది. ఆ డెడ్ లెటర్ క్యూ హద్దు నేను పెంచకుండా ఉంటే, పెట్టే చోటు లేక ఛానల్ అక్కడే ఆగిపోయేది. అందరి క్లెయిములూ నిలిచిపోయి మొదటి రోజే ఫోన్లు మోగేవి. నా జాగ్రత్త వల్ల మూడు వారాలు ఎవరికీ ఏమీ తెలియలేదు.

తెలిసింది ఇంకో దారిలో. కాల్ సెంటర్ నుంచి ఒక మెయిల్ తిరిగి తిరిగి మా టీమ్‌కి వచ్చింది. ఒక కస్టమర్ అయిదుసార్లు క్లెయిమ్ పెట్టారట, అయిదుసార్లూ అందిందని ఎస్సెమ్మెస్ వచ్చిందట, అక్కడ చూస్తే ఒక్కటీ లేదట. వాళ్ళేమో "మళ్ళీ సబ్మిట్ చెయ్యండి" అనే చెప్తున్నారు. మా లీడ్ నన్ను పిలిచి, "డెడ్ లెటర్ క్యూ ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది. ఎవరూ చూడటం లేదు. అది ఎవరో ఒకరు చూడాల్సిన చోటన్న సంగతి మా డిజైన్ డాక్యుమెంట్‌లో ఎక్కడా లేదు. డబ్బా బొమ్మ మాత్రం ఉంది, దాని చుట్టూ చుక్కల గీత కూడా ఉంది.

అరవై మూడు మెసేజ్‌లున్నాయి. డెడ్ లెటర్ క్యూలో పడే ప్రతి మెసేజ్‌కీ ఎంక్యూ ముందు ఒక చీటీ అంటిస్తుంది, సరిగ్గా 172 బైట్లది. పోస్ట్‌మాన్ కవరు మీద "ఇల్లు తాళం" అని రాసి తిప్పి పంపినట్టు. ఎక్కడికి పోవాల్సింది, ఎందుకు పోలేదు, ఏ తేదీన ఏ టైముకి ఇక్కడ పడింది. అరవై మూడింటి మీదా ఒకటే కారణం రాసుంది, 2218. ఛానల్‌కి మించిన మెసేజ్ అని దానర్థం. ఉత్తరాలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఎంక్యూ ఇచ్చిన మాట ప్రకారం ఒక్కటి కూడా పోగొట్టలేదు.

లెక్క తీస్తే అరవై మూడూ నలభై ఒక్కమందివి. మళ్ళీ మళ్ళీ పెట్టినవాళ్ళు ఉన్నారు. సైజుల వారీగా పేర్చి చూస్తున్నప్పుడు ఒక సంగతి కనపడింది, ఆ తర్వాత చాలా రోజులు నాకు దాని మీంచి దృష్టి పోలేదు. అయిదుసార్లు పెట్టినాయన ఫైలు ప్రతిసారీ పెరిగింది. అందలేదంటే ఏదో కాగితం తక్కువైందని అనుకుని ఉంటారు. ఇంకో రెండు బిల్లులు, ఇంకో రిపోర్టు కలిపి పంపారు. దాంతో అది ఇంకాస్త ఖాయంగా మా డబ్బాలో పడింది.

మాకొచ్చే స్కాన్లలో పేజీకి సుమారు 400 కేబీలు. ఏడు పేజీల దాకా పట్టేది, ఎనిమిదో పేజీతో హద్దు దాటేది. ఏడు పేజీల లోపు కాగితాలుండేవి ఎవరికి? జ్వరమొచ్చి రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి, కంటి ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికెళ్ళినవాళ్ళకి. వాళ్ళ క్లెయిములన్నీ చక్కగా వెళ్ళాయి. ఐసీయూలో పన్నెండు రోజులున్నవాళ్ళవి, కీమో ఆరు సైకిళ్ళు అయినవాళ్ళవి వెళ్ళలేదు. నేను ఎవర్నీ ఎంచలేదు. ఒక అంకె మార్చడం మర్చిపోయానంతే. కానీ జాబితా ముందు పెట్టుకుని చూస్తే, ఎవరికి డబ్బు అన్నిటికంటే ముందు అందాలో వాళ్ళని ఏరి ఆపినట్టుంది. టెస్టింగ్‌లో మేం వాడిన పీడీఎఫ్ ఒక్క పేజీ. మా ఆఫీసు క్యాంటీన్ మెనూ.

కస్టమర్ల ఫైళ్ళు మేం తెరవకూడదు. మళ్ళీ పంపేముందు ఫైళ్ళు పాడవలేదని తేల్చుకోవాలి కాబట్టి, అనుమతి తీసుకుని, క్లయింటు మనిషి పక్కన కూర్చుని ఉండగా ఒకే ఒక్కటి తెరిచాం. మొదటి పేజీ పైమూల బాల్ పెన్నుతో 1/14 అని రాసుంది. మేం చూడాల్సింది పేజీలు తెరుచుకుంటున్నాయా లేదా అన్నదే. 2/14. 3/14. అన్నీ ఒకటే చేతిరాత. పద్నాలుగు దాకా చూసి మూసేశాం. పేరు చూడలేదు, జబ్బు చూడలేదు. ఎవరో ఇంట్లో మంచం మీద కాగితాలన్నీ పరుచుకుని, తేదీల వారీగా పేర్చి, ఒక్కటి కూడా తప్పిపోకూడదని అంకెలు వేసుకున్నారు.

మా అమ్మ కూడా అట్లాగే వేస్తుంది. 2013లో నాన్నకి బైపాస్ అయినప్పుడు ఒంగోలు నుంచి గుంటూరుకి ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. నాన్న ఫైలు ఒక బట్టల షాపు ప్లాస్టిక్ సంచీలో ఉండేది. బస్సులో అమ్మ దాన్ని పైన పెట్టేది కాదు, కింద పెట్టేది కాదు, ఒళ్ళోనే. ప్రతిసారీ ఇంటికొచ్చాక కొత్త కాగితం మీద అంకె వేసి, పాత వాటి మీద మొత్తం దిద్దేది. 22 కొట్టేసి 23. ఆ ఫైలు లావు చూస్తే నాన్న ఎక్కడిదాకా వచ్చాడో తెలిసేది మాకు.

మరుసటి ఏడాది మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్ళాం. మెట్లెక్కుతానని మొక్కింది అమ్మ. నాన్న బాబాయితో కలిసి బస్సులో వెళ్ళాడు, నేను అమ్మతో నడిచాను. అలిపిరి దగ్గర నడిచేవాళ్ళ సామాన్లు తీసుకునే కౌంటర్ ఉంటుంది. సామాను ఇచ్చేస్తే రసీదు ఇస్తారు. అవి దేవస్థానం బండిలో ఘాట్ రోడ్డున పైకి వెళ్తాయి. మనం 3,550 మెట్లూ ఖాళీ చేతుల్తో ఎక్కి, పైన రసీదు చూపించి తీసుకోవాలి. దానికి డబ్బులు కూడా తీసుకోరు. అమ్మ సూట్‌కేసు ఇచ్చింది, దుప్పట్ల సంచీ ఇచ్చింది, పులిహోర డబ్బా కూడా ఇచ్చింది. ఆ ప్లాస్టిక్ సంచీ మాత్రం ఇవ్వలేదు.

"అది కూడా ఇచ్చెయ్యమ్మా, ఎక్కడ మోస్తావు."

"ఇది ఇవ్వన్రా."

"పోనీ నాన్నకి ఇవ్వాల్సింది, బస్సులోనే పోతుండె కదా."

"మీ నాన్న సీట్లో మర్చిపోయి దిగుతాడు."

అంతా పైకి మోసింది. నా చేతికి కూడా ఇవ్వలేదు. కొండమీద ఆ ఫైలుతో పనేముందని అప్పుడు విసుక్కున్నాను.

ఆఫీసులో మొదటి రోజు మేం చేసింది ఛానల్ హద్దు పెంచి అరవై మూడింటినీ మళ్ళీ పంపడం. అది ఒక మధ్యాహ్నం పని. తర్వాత మా లీడ్, ఇలా ఫైళ్ళని క్యూలో తొయ్యడమే తప్పు, క్లెయిమ్ చెక్ పద్ధతికి మారదాం అంది. గ్రెగర్ హోపె, బాబీ వుల్ఫ్ 2003లో తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ పాటర్న్స్ పుస్తకంలో ఉంటుంది. బరువైన ఫైలుని వేరేచోట దాచి, క్యూలో దాని రసీదు నంబరు మాత్రం పంపాలి. అవతలివాళ్ళు రసీదు చూపించి ఫైలు తెచ్చుకుంటారు. వాళ్ళు చెప్పిన పోలిక విమానాశ్రయంలో లగేజీకి ఇచ్చే చీటీ. నాకు అలిపిరి కౌంటర్ కనపడింది. మనిషి ఒక దారి, సామాను ఇంకో దారి. అందరూ ఆ పద్ధతే వాడతారు, మేమూ అదే వాడాం. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెప్తాను.

అయితే అమ్మ సంచీ ఎందుకు ఇవ్వలేదో ఆ పని చేస్తున్నప్పుడే అర్థమైంది. ఎంక్యూ ఇచ్చిన మాట ఏదైతే ఉందో, పోదు అనేది, అది రసీదుకే వర్తిస్తుంది. ఫైలు దాని చేతిలో లేదు. రసీదు ముందు చేరి ఫైలు ఇంకా చేరకపోతే? అందుకని ఫైలు పూర్తిగా దాచాకే రసీదు పంపాలి. ఫైలు దాచాక రసీదు పంపేలోపు మన ప్రోగ్రామే పడిపోతే? ఎవరూ అడగని సామాను అక్కడే మూలుగుతుంది. మరి దాన్ని ఎవరు తీసెయ్యాలి, ఎప్పుడు? మేం ముప్ఫై రోజులు అని పెట్టాం. కొన్నాళ్ళకి అవతలివాళ్ళు తమ వైపు నలభై రోజులుగా ఇరుక్కున్న ఒక మెసేజ్‌ని మళ్ళీ నడిపారు. రసీదు భద్రంగా ఉంది. సామాను లేదు. ఈసారి ఒక్కటే, ఒక్కరిదే. ఆ ఒక్కరికి ఫోన్ చేసి మళ్ళీ కాగితాలు అడగాల్సి వచ్చింది. ఆ తర్వాత, అవతలివాళ్ళు తీసుకున్నాం అని చెప్పేదాకా ఏ ఫైలూ చెరపకూడదని మార్చాం. క్యూలో పడగానే వెళ్ళే ఆ ఎస్సెమ్మెస్‌ని కూడా, అక్కణ్ణుంచి జవాబు వచ్చాకే వెళ్ళేలా మార్చాను. ఎంక్యూలో అలాంటి జవాబు అడిగే సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది, రిజిస్టర్ పోస్టుకి ఏడీ కార్డు పెట్టినట్టు. ఉత్తరం చేరినప్పుడు ఒకటి అడగొచ్చు, చదవడానికి తీసుకున్నప్పుడు ఇంకొకటి అడగొచ్చు. మేం ఏదీ అడగలేదు. మాకు తట్టలేదు.

మన పోస్టల్ శాఖలో డెడ్ లెటర్ ఆఫీసుని రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అంటారు. ఇచ్చే చిరునామా, పంపినవాళ్ళ చిరునామా రెండూ దొరకని ఉత్తరాలు అక్కడికి చేరతాయి. వాటిని తెరిచి, లోపల ఎక్కడైనా పంపినవాళ్ళ ఊరు పేరు ఉందేమో వెతికే అధికారం అక్కడి ఉద్యోగులకి ఉంటుంది. అంటే ఆ గదిలో మనుషులుంటారు. ట్రైనింగ్‌లో బోర్డు మీద గీసిన డబ్బాలో లేనిది అదే. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. పొద్దున్నే కాఫీ తీసుకుని ముందు డెడ్ లెటర్ క్యూ చూస్తాను. దానికి అలర్ట్ ఉంది, పడితే ఫోన్‌కి వస్తుంది. అయినా చూస్తాను. కొత్త డిజైన్ ఏదైనా నా ముందుకొస్తే, అన్నిటికంటే పెద్ద ఫైలు ఎంత ఉంటుందని అడిగి ఊరుకోను, అది పంపేవాళ్ళెవరని కూడా అడుగుతాను. జూనియర్లు నాకిదొక చాదస్తం అనుకుంటారు.

నాన్న బాగానే ఉన్నాడు. ఆరు నెలలకోసారి పరీక్షలు. ఇప్పుడు అమ్మ రిపోర్టులన్నీ ఫోటోలు తీసి నాకు వాట్సాప్‌లో పంపుతుంది. నీలం టిక్కులు పడ్డాయో లేదో చూడదు. పంపిన రెండు నిమిషాలకి ఫోన్ చేస్తుంది. పోయిన వారం కూడా చేసింది.

"చేరినయ్యా?"

"చేరినయ్ అమ్మా."

"తెరిచి చూశావా? ఎన్ని వచ్చినయ్?"

"ఆరు."

"ఏడు పంపించాను. మళ్ళీ చూడు."